లైన్ ఆఫ్ చేశామంటే నమ్మి చెయ్యి పెట్టవచ్చా?
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

దక్షిణ ఒడిశాలో గంజాం నుంచి కోరాపుట్ దాకా విద్యుత్ పని మీద బతుకుతున్న తెలుగువారు ఎందరో ఉన్నారు. ఇళ్లకు వైరింగ్ చేసేవారు, కాంట్రాక్టర్ల కింద స్తంభాలెక్కేవారు, పొలాల్లో మోటార్లు, స్టార్టర్లు బాగుచేసేవారు వారిలో ఉన్నారు. వారూ, వారి ఇంటివారూ రాసిన ఉత్తరాలలో కరెంటు ఉన్న పరికరాల దగ్గర పని గురించి అడిగినవాటిని ఈ సంచికలో ఒకచోట చేర్చాము.

ప్రశ్న: నేను గుణుపురంలో ఇళ్లకు, దుకాణాలకు వైరింగ్ చేస్తాను. బజారులో పని పడినప్పుడు దుకాణదారులు మెయిన్ ఆపనివ్వరు. ఫ్రిజ్‌లు ఆగిపోతాయనీ, గిరాకీ పోతుందనీ అంటారు. అందువల్ల చెక్క స్టూలు మీద నిలబడి, రబ్బరు చెప్పులు వేసుకుని, కరెంటు ఉండగానే డి.బి.లో (ఫ్యూజులు, స్విచ్‌లు ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు పెట్టెలో) ఎం.సి.బి.లు (కరెంటు మితిమీరితే వాటంతట అవే తెంచే స్విచ్‌లు) మారుస్తున్నాను. మా మేస్త్రీ గారు నాకు ఇలాగే నేర్పారు. జాగ్రత్తగా చేస్తే ఇందులో తప్పేమిటి?

జవాబు: ఆపి చేయగలిగిన పనిని కరెంటు ఉండగా చేయకూడదు. దుకాణదారుడి గిరాకీ అందుకు తగిన కారణం కాదు. ముందు ఈ మాట స్పష్టంగా చెప్పి, తరువాత మీ స్టూలు సంగతికి వస్తాను.

చెక్క స్టూలూ రబ్బరు చెప్పులూ మీ ఒంట్లోంచి భూమిలోకి కరెంటు దిగే దారిని మాత్రమే, అదీ అవి పొడిగా ఉన్నంతసేపే, కొంతవరకు అడ్డుకుంటాయి. డి.బి. పెట్టెలో ప్రమాదం ఆ ఒక్క దారినే రాదు. ఒక చేతికి ఫేజ్, మరో చేతికి న్యూట్రల్ తగిలినా, ఫేజ్ పట్టుకున్నవాడి మోచెయ్యి ఎర్త్ చేసిన ఇనుప పెట్టె అంచుకు ఆనినా, కరెంటు ఛాతీ గుండా, గుండె మీదుగా వెళ్తుంది. అప్పుడు మీ కాళ్ల కింద ఏమున్నదన్నది లెక్కలోకే రాదు. ఆర్.సి.సి.బి. ఉన్నది కదా అని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. అది భూమిలోకి కారిపోయే కరెంటును పసిగట్టి తెంచే పరికరం. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మనిషి చిక్కుకుంటే, వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ గుండా తిరిగి వస్తుంది కాబట్టి, మనిషిని బల్బుగానో ఫ్యానుగానో ఎంచి అది అలాగే ఉండిపోతుంది.

చెమట పట్టిన ఒంటి నిరోధం సుమారు 1,000 ఓమ్‌ల వరకు పడిపోవచ్చు. 230 వోల్టుల సరఫరాకు ఆ లెక్కన ఒంట్లోంచి 230 మిల్లీ ఆంపియర్లు పోతాయి. 1 మిల్లీ ఆంపియర్ దగ్గర చేతికి చిమచిమ తెలుస్తుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నదాన్ని వదలాలనుకున్నా వదలలేని స్థితి వస్తుంది. 30 దాటి కొంతసేపు సాగితే ఊపిరి కష్టమవుతుంది. 50 నుంచి 100 దాటితే గుండె లయ తప్పి, రక్తాన్ని తోయలేక వణుకుతూ ఉండిపోవచ్చు. ఇళ్లలో పెట్టే ఆర్.సి.సి.బి.ని 30 మిల్లీ ఆంపియర్లకు తెంచేలా తయారుచేయడానికి కారణం ఇదే. ఎండాకాలంలో టిన్ను కప్పు కింద దుకాణంలో పని చేసేవారి ఒళ్లు ఎప్పుడూ తడిసే ఉంటుంది కాబట్టి ఈ లెక్కను మీరు మీ గురించేనని చదువుకోవాలి.

షాక్ ఒక్కటే ప్రమాదం కాదు. బిగిస్తున్న స్క్రూడ్రైవరు జారి రెండు ఫేజుల మధ్య పడితే ఏమవుతుందో ఆలోచించండి. 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరలో అలా షార్ట్ అయితే క్షణంలో 3 వేల ఆంపియర్ల దాకా కరెంటు పారగలదు. అప్పుడు లేచే మంట మధ్య వేడి సూర్యుడి ఉపరితలపు వేడిమిని మించుతుంది, కరిగిన రాగి ముఖం మీదికి చిమ్ముతుంది. చెప్పులూ స్టూలూ ఈ మంటకు అడ్డురావు. పాలిస్టర్ చొక్కా అయితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఆపిన పెట్టెలో పని చేసేటప్పుడు కూడా నూలు బట్టలే వేసుకోండి, ఉంగరం, వాచీ, కడియం, మెడలోని గొలుసు తీసి జేబులో పెట్టుకోండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చి, 2023లో కొత్తగా ప్రకటించిన భద్రతా నిబంధనల ప్రకారం, అందుకోసం ప్రత్యేకంగా నియమితుడై, నిర్దేశించిన జాగ్రత్తలు తీసుకున్నవాడు తప్ప మరెవ్వరూ కరెంటు ఉన్న లైను మీద గాని పరికరం మీద గాని పని చేయరాదు. పక్కన నిలబడి సహాయం కూడా చేయరాదు. మీకు పనిముట్లు అందించే కుర్రవాడికి కూడా ఈ నిబంధన వర్తిస్తుందన్నమాట.

ఇక చేయవలసినది చెబుతాను. పని ఒప్పుకునేటప్పుడే, ఎంతసేపు కరెంటు ఆపవలసి ఉంటుందో దుకాణదారుడికి చెప్పి, దుకాణం తెరవకముందో మూసిన తరువాతో సమయం కుదుర్చుకోండి. ఒక గంట ఆపితే మూసి ఉన్న ఫ్రిజ్‌లోని సరుకు పాడైపోదు. మెయిన్ ఆపిన తరువాత దానికి తాళం వేసే క్లిప్పు పెట్టి, తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి. మీరు లోపల చెయ్యి పెట్టి ఉండగా, ఫ్యాను తిరగడం లేదని చూసి స్విచ్ పైకి ఎత్తే మనిషి ప్రతి దుకాణంలోనూ ఒకడుంటాడు. మరొక సంగతి గుర్తుంచుకోవాలి. మెయిన్ స్విచ్ ఆపినా, మీటరు నుంచి వచ్చే వైర్లు బిగించిన టెర్మినళ్లలో కరెంటు ఉండనే ఉంటుంది. మెయిన్ స్విచ్‌నే మార్చవలసి వస్తే స్తంభం దగ్గర సర్వీసును తెంచాలి. ఆ పని మీది కాదు, పంపిణీ సంస్థది. 1912కు ఫోను చేసి, వారి మనిషి వచ్చి తెంచేదాకా ఆగండి.

మీ మేస్త్రీ గారి మీద మీకున్న గౌరవాన్ని నేను కాదనను. అయితే ఆయన ఇన్నాళ్లూ క్షేమంగా ఉండటం ఆ పద్ధతి క్షేమమైనదనడానికి రుజువు కాదు. అదే పద్ధతిలో పని చేస్తూ పోయినవారు మీకు పాఠం చెప్పడానికి మిగిలి లేరు.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఒక ఇంట్లో స్విచ్‌బోర్డు మార్చేముందు టెస్టర్ పెట్టి చూశాను. లైటు వెలగలేదు. చెయ్యి పెట్టగానే గట్టిగా షాక్ కొట్టింది. టెస్టర్ అబద్ధం చెబుతుందా?

జవాబు: చెబుతుంది. జేబులో పెట్టుకునే నియాన్ టెస్టర్ వెలగాలంటే, దానిలోని నిరోధం గుండా, మీ వేలి గుండా, ఒంటి గుండా అతి స్వల్పమైన కరెంటు భూమికి చేరాలి. మీరు పొడి చెక్క నిచ్చెన మీదో, మందమైన చెప్పులతోనో ఉంటే ఆ దారి సన్నబడి, లైటు కనబడనంత మసకగా వెలుగుతుంది. ఎండ పడే గోడ దగ్గర ఆ మసక వెలుగు అసలే కనబడదు. లోపలి నియాన్ బల్బు పాడై ఉండవచ్చు, స్ప్రింగ్ వదులై ఉండవచ్చు. అంటే వెలగని టెస్టర్ మీకు రెండు సంగతులలో ఏదో ఒకటి చెబుతుంది: కరెంటు లేదు, లేదా టెస్టర్ పనిచేయడం లేదు. ఈ రెండింటిలో ఏది నిజమో అది చెప్పలేదు.

అందుకే పరీక్షను మూడు మెట్లుగా చేయాలి. ముందు, కరెంటు ఉన్నదని కచ్చితంగా తెలిసిన మరొక చోట మీ పరికరాన్ని పెట్టి, అది పనిచేస్తున్నదని చూసుకోవాలి. తరువాత పని చేయబోయే చోట చూడాలి. ఆ తరువాత మళ్లీ మొదటి చోటికి వెళ్లి, ఈలోగా పరికరం చెడిపోలేదని నిర్ధారించుకోవాలి. మూడో మెట్టును దాదాపు అందరూ వదిలేస్తారు. సరిగ్గా మధ్యలోనే మల్టీమీటరు ఫ్యూజు పోయినా, ప్రోబు వైరు లోపల తెగినా, దాన్ని పట్టిచ్చేది ఆ మెట్టు ఒక్కటే.

టెస్టర్ బదులు రెండు ప్రోబులున్న వోల్టేజి టెస్టర్‌ను గాని, ప్యానెళ్ల దగ్గర వాడటానికి తగిన కేటగిరీ 3 లేదా 4 అని రాసి ఉన్న మల్టీమీటరును గాని వాడండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య, మూడు చోట్లా చూడండి. మూడో జత ఎందుకంటారేమో. పాత ఇళ్లలో ఒక గది న్యూట్రల్‌ను మరో గది సర్క్యూట్‌తో కలిపి వేసిన వైరింగ్ చాలా కనిపిస్తుంది. మీరు ఈ గది ఎం.సి.బి. ఆపి న్యూట్రల్ వైరును విప్పిన క్షణంలో, పక్క గదిలో వెలుగుతున్న బల్బు గుండా వచ్చిన ఫేజ్ ఆ వైరు కొసన నిలుస్తుంది. విప్పకముందు పరీక్షలో సున్నా చూపిన వైరే, విప్పిన తరువాత 230 వోల్టులు చూపుతుంది. మీకు జరిగింది ఇదే కావచ్చు. కాబట్టి న్యూట్రల్‌ను ఎప్పుడూ కరెంటు ఉన్న వైరుగానే ఎంచి, విప్పిన ప్రతిసారీ మళ్లీ పరీక్షించాలి. అనుమానమున్న ఇంట్లో ఒక్క ఎం.సి.బి. కాకుండా, ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే రెండు పోళ్ల మెయిన్‌నే ఆపడం మేలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా విడిగా ఆపి, బ్యాటరీ తీగ విప్పాలి. మెయిన్ పడగానే అది తనంతట తానే సరఫరా మొదలుపెడుతుందని మరిచిపోయి దెబ్బతిన్నవారు ఉన్నారు.

కెపాసిటర్లున్న మోటారు ప్యానెళ్లు, స్పీడ్ డ్రైవులు ఆపిన తరువాత కూడా కొంతసేపు వోల్టేజిని దాచుకుని ఉంటాయి. మూత మీద రాసి ఉన్నంతసేపు ఆగి, డి.సి. వోల్టేజిని కొలిచి, అప్పుడే ముట్టుకోవాలి.

ప్రశ్న: నేను బరంపురం దగ్గర ఒక కాంట్రాక్టరు కింద 11 కె.వి. లైన్ల మీద పని చేస్తాను. తుఫానులప్పుడు రాత్రీ పగలూ పని ఉంటుంది. సబ్‌స్టేషన్ నుంచి ఎల్.సి. (లైను ఆపాము, పని చేసుకోవచ్చు అన్న లైన్ క్లియర్ అనుమతి) తీసుకున్నామని సూపర్‌వైజరు ఫోనులో చెబితే ఎక్కేస్తాం. ఒకసారి అలా ఎక్కిన మా తోటివాడికి ఆపిన లైన్లోనే షాక్ కొట్టి కింద పడ్డాడు. సబ్‌స్టేషన్‌లో చూస్తే బ్రేకరు ఆఫ్‌లోనే ఉంది. ఆ కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది? మేము ఎర్త్ చేయలేదన్నది నిజం. చేసే సమయం ఎక్కడిది?

జవాబు: మీ ప్రశ్న చివరి వాక్యమే నన్ను ఎక్కువగా బాధించింది, అందుకే మీకు పెద్ద జవాబు రాస్తున్నాను.

2013 అక్టోబరులో గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తరువాత, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం జిల్లాలను ముంచెత్తిన తిత్లీ తరువాత, ఈ ప్రాంతంలో జనరేటర్లూ ఇన్వర్టర్లూ బాగా పెరిగాయి. కరెంటు రోజుల తరబడి ఉండదని తెలిసిన ఇంటివారు, పెళ్లి మండపాలవారు, రొయ్యల చెరువులవారు, పెట్రోలు బంకులవారు సొంతంగా సరఫరా ఏర్పాటు చేసుకున్నారు. వాటిని ఛేంజ్ ఓవర్ స్విచ్ ద్వారా కలిపితే ఇబ్బంది లేదు. ఆ స్విచ్ లేకుండా, రెండు వైపులా ప్లగ్ ఉన్న వైరుతో జనరేటరును నేరుగా గోడ సాకెట్‌కు కలిపేవారు చాలామంది ఉన్నారు. మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు సర్వీసు వైరు గుండా వీధి ఎల్.టి. (తక్కువ వోల్టేజి) లైనులోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వస్తుంది. 11,000 వోల్టులను 433కు దించే ట్రాన్స్‌ఫార్మరే, వెనక్కి వచ్చిన 230 వోల్టులను దాదాపు 10,000 వోల్టులకు పెంచి హెచ్.టి. (ఎక్కువ వోల్టేజి) తీగలోకి ఎక్కిస్తుంది. ఒక చిన్న పెట్రోలు జనరేటరు స్తంభం మీది మనిషిని చంపగలదు. సబ్‌స్టేషన్‌లో బ్రేకరు ఆఫ్‌లో ఉండటం, మీ తోటివాడికి షాక్ కొట్టడం, రెండూ ఒకేసారి నిజం కావడానికి ఇంత చాలు.

వేరే దారులూ ఉన్నాయి. ఒకే స్తంభాల వరుసలో రెండు ఫీడర్లు (సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే లైన్లు) వెళ్తుంటే, నడుస్తున్న ఫీడరు ప్రభావం వల్ల ఆపిన తీగలో కూడా వోల్టేజి పుడుతుంది. దూరంగా పడిన పిడుగు కూడా ఆ తీగ వెంట రాగలదు. స్తంభం మీద లైనును తెంచే ఏ.బి. స్విచ్ హ్యాండిల్ కిందికి దించినా, తుప్పు పట్టిన మూడు బ్లేడ్లలో ఒకటి కాంటాక్టు వదలకుండా ఉండిపోవచ్చు. హ్యాండిల్‌ను నమ్మవద్దు. కింద నిలబడి మూడు బ్లేడ్లూ గాలిలోకి తెరుచుకున్నాయో లేదో కళ్లతో చూడాలి, రాత్రి అయితే టార్చి వేసి చూడాలి. ఒక ఫీడరుకు ఎల్.సి. తీసుకుని పక్క ఫీడరు స్తంభం ఎక్కినవారున్నారు. గాలివానకు స్తంభాలు పడిపోయి, గుర్తులు చెదిరిపోయినప్పుడు ఇది ఇంకా సులభంగా జరుగుతుంది.

ఈ దారులన్నింటికీ కలిపి ఉన్న కాపలా ఒక్కటే, అది ఎర్తింగ్. లైన్ టెస్టరుతో తీగలో వోల్టేజి లేదని చూసుకుని, డిశ్చార్జ్ రాడ్‌తో మూడు తీగలనూ కలిపి భూమికి కట్టాలి. అదీ ఒక పక్క మాత్రమే కాదు, మీరు పని చేసే చోటికి రెండు పక్కలా కట్టాలి. ఏ పక్క నుంచి ఎవరు కరెంటు పంపినా అది మీ ఒంటి దాకా రాకుండా అక్కడే భూమిలోకి దిగిపోవాలి. ఎర్త్ కొసను ముందు భూమికి బిగించి, తరువాతే రాడ్‌ను తీగకు తగిలించాలి. తీసేటప్పుడు ముందు తీగ నుంచి, చివరన భూమి నుంచి విప్పాలి. ఈ క్రమం తారుమారైతే, తీగలో ఉన్న కరెంటుకూ భూమికీ మధ్య రాడ్ పట్టుకున్న మీరే మిగులుతారు. దారిలో ఉన్న ప్రతి ట్రాన్స్‌ఫార్మరు ఏ.బి. స్విచ్‌నూ తెరవడం, వీలైన చోట ఎల్.టి. ఫ్యూజులు లాగేయడం దీనికి అదనపు జాగ్రత్తలు, బదులు కావు. మీరు ఎల్.టి. తీగల మీదే పని చేస్తుంటే ఆ ఎల్.టి. తీగలను కూడా న్యూట్రల్‌తో సహా కలిపి ఎర్త్ చేయాలి, ఎందుకంటే జనరేటరు కరెంటు ముందుగా వచ్చేది అక్కడికే.

సమయం లేదన్నారు. రాడ్లు కట్టడానికి పట్టేది నిమిషాల పని. ఆ నిమిషాలు ఇవ్వని సూపర్‌వైజరుకు మీరు కాదని చెప్పాలి. చెప్పడం కష్టమని నాకు తెలుసు, రోజుకూలి మీద ఉన్నవాడికి ఇంకా కష్టం. అందుకే ఈ మాటను ఒక్కొక్కరుగా కాకుండా ముఠా అంతా కలిసి, పని మొదలుకాకముందే చెప్పుకోవాలని నా సలహా. రాడ్లు కట్టేదాకా ఎవరూ స్తంభం ఎక్కరని ముఠాలో ఒప్పందం ఉంటే, ఏ ఒక్కరి మీదా నింద పడదు. లైన్ల మీద పని చేసేవారికి గ్లౌజులు, రబ్బరు బూట్లు, సేఫ్టీ బెల్టు, హెల్మెట్, ఎర్తింగ్ సామగ్రి, లైన్ టెస్టర్ ఇవ్వాలన్నది నిబంధనల్లోనే ఉన్నది. కాంట్రాక్టరు వాటిని ఇవ్వకపోతే అది దయాదాక్షిణ్యాల విషయం కాదు, నిబంధన ఉల్లంఘన.

ఎల్.సి. గురించి ఇంకొక్క మాట. ఎల్.సి. తీసుకున్న మనిషి పేరు, ఫీడరు పేరు, సమయం సబ్‌స్టేషన్ రిజిస్టరులో రాసి ఉండాలి. ఏ మనిషి తీసుకున్నాడో ఆ మనిషే, తన వాళ్లందరూ కిందికి దిగారనీ, రాడ్లు తీసేశారనీ తలలు లెక్కపెట్టుకుని, తిరిగి ఇవ్వాలి. రెండు ముఠాలు పని చేస్తుంటే రెండు ఎల్.సి.లు ఉండాలి. అరగంట తరువాత ఛార్జ్ చేసేయండి (లైన్లోకి కరెంటు వదిలేయండి) అన్న ఒప్పందం ఎన్నటికీ చేసుకోకూడదు. గడియారం పని పూర్తయిందో లేదో చూడదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటున్నది. సబ్‌స్టేషన్‌లోని ఆపరేటరు ఒడియా మాట్లాడతాడు, ముఠాలో సగం మంది తెలుగువారు, తుఫాను పనికి బయటి నుంచి వచ్చినవారికి హిందీ తప్ప రాదు. మనుషులు పని చేస్తున్నారు, ఛార్జ్ చేయవద్దు అన్న బోర్డును ఏ.బి. స్విచ్ హ్యాండిల్‌కు కట్టేటప్పుడు ఒడియాలోనూ, హిందీలోనూ, తెలుగులోనూ రాయించండి. ఫోనులో విన్న మాటను విన్నవారు తిరిగి చెప్పి, అవతలివారు అవునన్న తరువాతే పని మొదలుపెట్టండి.

ప్రశ్న: జయపురంలో ఇళ్ల మీద సోలార్ పలకలు బిగించే పనిలో కొత్తగా చేరాను. ఇన్వర్టర్ ఆపేస్తే పలకల వైర్లను ముట్టుకోవచ్చా?

జవాబు: ముట్టుకోరాదు. పలకల మీద ఎండ పడుతున్నంతసేపు వాటి వైర్లలో డి.సి. వోల్టేజి ఉంటుంది. దాన్ని ఆపే స్విచ్ సూర్యుడి దగ్గర లేదు. వరుసగా కలిపిన పలకల నుంచి అనేక వందల వోల్టులు రావచ్చు. పైగా ఏ.సి. కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాను దాటుతుంది కాబట్టి దానిలో లేచిన మంటకు ఆరిపోయే అవకాశం ఉంటుంది. డి.సి.లో అలాంటి విరామం లేదు, ఒకసారి మంట అంటుకుంటే లాగినకొద్దీ సాగుతుంది. కాబట్టి లోడు మీద ఉన్న, అంటే కరెంటు పారుతున్న, కనెక్టరును ఎప్పుడూ లాగవద్దు. ముందు ఇన్వర్టర్, తరువాత డి.సి. ఐసొలేటర్ ఆపి, క్లాంప్ మీటరుతో కరెంటు సున్నా అని చూసి, అప్పుడే కనెక్టరు విప్పండి. విప్పిన కొసలను కరెంటు ఉన్నవిగానే భావించి విడివిడిగా మూసి ఉంచండి. ఇంటి కప్పు మీద పని కాబట్టి నడుముకు బెల్టు కట్టుకోవడం, పక్కనున్న వీధి లైనుకు ఎంత దూరంలో ఉన్నారో చూసుకోవడం మరవవద్దు. భవనానికీ 11 కె.వి. తీగకూ మధ్య పక్కగా కనీసం 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఉండాలన్నది నిబంధన. పలకలు బిగించే పొడవైన అల్యూమినియం పట్టీని నిలువుగా ఎత్తినప్పుడు ఆ దూరం ఏ మూలకూ చాలదు.

ప్రశ్న: నేను కాశీనగరంలో ఉంటాను. మా ఆయన వంశధార ఒడ్డున పొలాల్లో మోటార్లు, స్టార్టర్లు బాగుచేస్తారు. ఎప్పుడూ ఒంటరిగానే వెళ్తారు. ఎవరికైనా కరెంటు కొడితే ఇసుకలో మెడ దాకా పూడ్చాలని మా ఊళ్లో పెద్దలు అంటారు. నిజమేనా? అలాంటి సమయంలో నేను ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఇసుకలో పూడ్చడం వల్ల ఏ మేలూ లేదు, కీడు మాత్రం చాలా ఉన్నది. కరెంటు ఒంట్లో నిలవ ఉండదు, ఇసుక దాన్ని లాగదు. గుండె ఆగిన మనిషికి మొదటి నిమిషాలే ప్రాణం. గొయ్యి తవ్వడంలో అవి గడిచిపోతాయి. పూడ్చిన ఛాతీ మీద ఎవరూ చెయ్యి వేయలేరు.

ముందు కరెంటు ఆపండి. స్టార్టరు దగ్గరి మెయిన్ ఎక్కడ ఉందో మీ ఆయన చేత ఇప్పుడే చూపించుకోండి. ఆపడానికి వీలుకాకపోతే, పొడిగా ఉన్న చోట నిలబడి, ఎండిన కర్రతో వైరును పక్కకు తోయండి. పచ్చి వెదురు వద్దు, దానిలోని తడి గుండా కరెంటు వస్తుంది. మనిషిని చేత్తో పట్టుకోవద్దు. ఇదంతా మోటారు వైర్ల సంగతి. స్తంభం మీది పెద్ద లైను తెగి పడితే కర్రతో కూడా దగ్గరికి పోవద్దు. కనీసం 10 మీటర్ల దూరంలో ఉండి, ఇతరులను ఆపి, 1912కు ఫోను చేయాలి. అప్పటికే ఆ వైరు దగ్గర ఉన్నవారు పెద్ద అంగలు వేయకుండా, రెండు పాదాలూ కలిపి నేల మీద ఈడుస్తూ బయటికి రావాలి, ఎందుకంటే తడి నేలలో ఒక అడుగుకూ మరో అడుగుకూ మధ్యనే వోల్టేజి తేడా ఉంటుంది.

కరెంటు ఆగిన తరువాత మనిషిని పిలిచి, కదిపి చూడండి. పలకకుండా, ఊపిరి మామూలుగా తీసుకోకుండా ఉంటే 108కి ఫోను చేయమని ఒకరికి చెప్పి, మీరు వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ ఎముక మధ్యన ఒక అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చెయ్యి పెట్టి, మోచేతులు వంచకుండా, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. శిక్షణ ఉన్నవారు 30 సార్లు నొక్కి 2 సార్లు నోటితో ఊపిరి ఇస్తారు. శిక్షణ లేనివారు ఆపకుండా నొక్కుతూ ఉంటే చాలు. అలసిపోతే మరొకరు అందుకోవాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. నోట్లో నీళ్లు పోయవద్దు. మనిషి ఎత్తు నుంచి పడి ఉంటే మెడ తిప్పవద్దు.

లేచి కూర్చుని నాకేం కాలేదన్నా సరే, గట్టి షాక్ తగిలినవారిని ఆసుపత్రికి తీసుకెళ్లి ఇ.సి.జి. తీయించాలి. పెద్ద వోల్టేజి దెబ్బలో బయట చర్మం మీద చిన్న మచ్చే కనిపించి, లోపలి కండరం కాలిపోయి ఉండవచ్చు. మూత్రం ముదురు రంగులో వస్తే మూత్రపిండాలకు ప్రమాదమున్నదని అర్థం, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఒంటరిగా వెళ్తారన్నారు. ఈ విషయంలో మీ ఆయనతో గట్టిగా మాట్లాడమని మిమ్మల్ని కోరుతున్నాను. పొలం యజమానినైనా, పక్క చేలోని రైతునైనా మెయిన్ దగ్గర నిలబెట్టుకుని, ఏదైనా జరిగితే ఏ హ్యాండిల్ దించాలో ముందే చూపించి, తరువాతే స్టార్టరు మూత తీయమనండి. ఛాతీ నొక్కడం ఇద్దరూ నేర్చుకోండి. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మను అడిగితే ఎలాగో చూపిస్తారు.

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో ఐ.టి.ఐ. చేసి, ఆంధ్రలో వైర్‌మన్ పర్మిట్ తీసుకున్నాను. ఇప్పుడు రాయగడలో పని చేస్తున్నాను. ఆ పర్మిట్ ఇక్కడ చెల్లుతుందా? పనిలో ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలి?

జవాబు: విద్యుత్ లైసెన్సులూ పర్మిట్లూ రాష్ట్రాలవారీగా ఇస్తారు. సంబంధిత రాష్ట్ర ప్రభుత్వం జారీ చేసిన, లేదా అది గుర్తించిన అర్హత పత్రం ఉండాలని నిబంధనలు చెబుతాయి కాబట్టి, మీ పర్మిట్‌ను ఇక్కడ గుర్తిస్తారని ఊహించుకోకండి. భువనేశ్వర్‌లోని ఒడిశా ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డుకు దరఖాస్తు చేసి, రాతపూర్వకంగా తెలుసుకున్న తరువాతే సొంతంగా పని ఒప్పుకోండి. అంతవరకు ఇక్కడి లైసెన్సున్న కాంట్రాక్టరు కింద, సూపర్‌వైజరు పర్యవేక్షణలో చేయండి.

ప్రమాదం విషయానికొస్తే, 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద మనిషి చనిపోయినా గాయపడినా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలి. 2005లో వచ్చిన నియమాల ప్రకారం మొదటి సమాచారం 24 గంటలలోపు చేరాలి. అది యజమాని లేదా సరఫరా సంస్థ బాధ్యత. వారు ఇవ్వలేదని అనిపిస్తే మీరు కూడా రాయవచ్చు. రాసేటప్పుడు ప్రమాదం జరిగిన చోటు, తేదీ, సమయం, ఎల్.సి. ఎవరు తీసుకున్నారు, ఎర్త్ రాడ్లు కట్టారా లేదా, ఏ స్విచ్ ఏ స్థితిలో ఉన్నది అన్న వివరాలు చూసినవారి పేర్లతో సహా రాసి, ప్రమాదస్థలంలో దేన్నీ కదల్చకముందు ఫొటోలు తీసి, అందినట్టు సంతకం, ముద్ర ఉన్న ఒక ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి.